సాయమ్మ చేతి వేపుడు

గద్వాల,
బహుధాన్య సంవత్సరం, ఆషాఢ శుద్ధ పంచమి

తమ్ముడు తిరుపతయ్యకు అక్క లక్ష్మీదేవమ్మ దీవెనలు.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. వనపర్తి రోడ్డు స్టేషనులో రైలు ఆలస్యంగా వచ్చింది గానీ కూర్చోవడానికి చోటు దొరికింది. మీ బావ మోకాలి నొప్పి కొంచెం నయం.

మీ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో ఒక పొద్దు నా మనసులో నిలిచిపోయింది. ఆ పొద్దు విశేషం ఏమీ జరగలేదు. నేను లేచి వసారాలో కూర్చుని స్వామి నామాలు చెప్పుకుంటున్నాను. కోడలు సాయమ్మ అప్పటికే వాకిలి అలికి, పొయ్యిలో బూడిద తీసింది. మరదలు పెంటమ్మ బర్రె పిండుతూ, తన్నినందుకు దాన్ని పుట్టింటి పేరెత్తి తిడుతోంది. నీ కొడుకు హన్మంతు బండి ఇరుసుకు ఆముదం పెడుతున్నాడు. నువ్వు రుమాలు ఎక్కడ పోయిందని ఇల్లంతా వెతికావు. అది నీ భుజం మీదే ఉంది. ఎవరూ చెప్పలేదు.

అప్పుడు గోడ సందులోనుంచి పక్కింటి మౌలాబీ పిలిచి, మగడు ఖాజా మియా కోసిన మేకమాంసం మోదుగాకులో చుట్టి అందించింది. సాయమ్మ పెరట్లోకి పోయి మునగాకు దూసింది, గుప్పెడు గోరుచిక్కుళ్ళు కోసింది. మాంసం చింతగింజలంత ముక్కలు చేసింది. నీళ్ళు పోయలేదు. ఇనుప మూకుట్లో ఉప్పు, పసుపు వేసి, మాంసం తన నీళ్ళలోనే ఉడికి ఇగిరిందాకా కదిలించింది. తర్వాత నూనె, దంచిన ఎల్లిపాయ. ముక్క ఎర్రబడ్డాక గోరుచిక్కుడు. అన్నిటికన్నా చివర ఆకు. ఆకు వాడగానే దించేసింది. పచ్చగానే ఉంది.

మనం మాంసం అంటే పులుసు పోసి, కూరగాయ ఏదో ముక్క ఏదో తెలియకుండా ఉడికిస్తాం. అది తిన్న రోజు మగవాళ్ళు మధ్యాహ్నం దాకా లేవరు. ఆ రోజు మన అలవాటులో సగం మాంసమే ఇంటిల్లిపాదికీ సరిపోయింది. జొన్నరొట్టెతో తిని నువ్వు నేరుగా చేనికి పోయావు. కడుపు నిండింది, ఒళ్ళు బరువు కాలేదు. ఆ రుచి ఇంకా నా నాలుక మీద ఉంది. పూజలో కూర్చున్నా గుర్తుకొస్తోంది. స్వామి మన్నించాలి.

మూకుడు పొయ్యి మీద ఉన్నంతసేపు సాయమ్మ తలుపు దగ్గరగా వేసుకుంటుంది. హన్మంతు వంతు వేరే గిన్నెలో తీసి మూత పెడుతుంది. నేనేమీ అడగలేదు.

శ్రావణం దగ్గరికి వచ్చింది. కలరా వచ్చిన ఏడు నాయన మొక్కిన మొక్కు పిల్లలకు చెప్పు. శ్రావణం మొదలు భాద్రపద అమావాస్య, పెత్రమాస దాకా మన రెండిళ్ళలో మాంసం ముట్టరాదు. కురుమూర్తి స్వామి మనల్ని చల్లగా చూడాలి.

నీ అక్క
లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూలు,
1938 జూలై 11

అక్కకు, బావకు తిరుపతయ్య దండాలు.

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ రెండు వానలు పడ్డాయి. జొన్న మొలిచింది. ఎడమ ఎద్దు మేత సరిగ్గా తినడం లేదు.

నీ ఉత్తరం వసారాలో కూర్చుని పెంటమ్మకు చదివి వినిపించాను. అంతా విని, తలుపు మాట ఉన్న చోటు మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అప్పుడు ఆమె, "వదిన తలుపు సంగతి ఎందుకు రాసినట్టు?" అని అడిగింది. అక్కా, నువ్వు ఊరికే ఒక్క మాట వ్రాసే మనిషివి కాదు. రాయి కింద పెట్టినట్టు పెడతావు మాట. అడగలేదు అని వ్రాశావంటే అడగాల్సింది ఉందనే కదా.

నీతో దాచను. పెంటమ్మకు చాలా రోజులుగా అనుమానం. ఆ మూత పెట్టిన గిన్నెలో ఉండేది మనం తినేది కాదట. నల్లటి ముక్కలు, వాటికి రెండింతలు ఆకు. హన్మంతు గిన్నె కడిగేదాకా సాయమ్మ పక్కనుంచి కదలదట. వాడు కూడా మారిపోయాడు. ఇదివరకు బండి విప్పి, దోస్తుల దగ్గర కూర్చుని, అన్నం వేళకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. ఇప్పుడు పొద్దు వాలకముందే ఇంట్లో ఉంటాడు. సందె వేళ పెరట్లోకి పోవాలన్నా పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసుకుని పోతాడు. పెంటమ్మ నవ్వుతూనే అంది, "పొద్దు గూకితె సాలు, నా కొడుకు కొంగుకు ముడి పడుతుండు," అని. నవ్వులో నవ్వు లేదు.

మందు పెట్టిందేమోనని ఆమె భయం. మగణ్ణి లొంగదీసుకోవడానికి తిండిలో కలిపి పెట్టే మందు గురించి నీకు చెప్పాల్సిన పని లేదు. మన ఊళ్ళో ఎంతమంది కాపురాలు దానితో పోయాయో నువ్వూ చూశావు. నేను అట్లాంటిదేమీ లేదన్నాను. దానికి పెంటమ్మ, "ఒక్క పూట తిన్న వదినకే పూజల గుర్తొస్తుందంట. దినాం తినే పిలగాని గతేంది?" అంది.

నీకు ఏమైనా అనుమానం ఉంటే దాచకు.

నీ తమ్ముడు
తిరుపతయ్య


గద్వాల,
ఆషాఢ బహుళ ఏకాదశి

తమ్ముడికి దీవెనలు.

నాకు అనుమానం లేదు. ఉండి వ్రాయలేదు. ఆషాఢం గాలికి పొయ్యి మంట నిలవదు, అందుకని తలుపు వేసుకుని ఉంటుంది. చూసింది వ్రాశాను, అంతే. నా మాటకు పెంటమ్మ బరువు కట్టవద్దు.

రుచి సంగతి కూడా అంతే. ఉప్పు, ఎల్లిపాయ, మంట కుదిరితే ఎవరి చేతి వంటైనా గుర్తుంటుంది. అందులో ఆకు, కాయ, మాంసం మూడూ ఉన్నాయి. ఒంటికి మూడు విధాల పట్టే తిండి. దానికి మందు అక్కరలేదు.

పెళ్ళయి రెండేళ్ళు. మొగుడు పెళ్ళాం భుజం మీద చెయ్యి వేస్తే తప్పేమిటి? నువ్వు ఆ వయసులో నాయన చూడకుండా పెంటమ్మకు బత్తీస మిఠాయి తెచ్చేవాడివి. నాయనకు తెలుసు.

అయినా మనసులో ముల్లు ఉంచుకోవద్దు. సాయమ్మను ఎదుట కూర్చోబెట్టి అడగండి. చాటునుంచి చూడవద్దు.

కృష్ణ నిండుగా పారుతోందట. ఏరు దాటించే పుట్టీలు నడవడం లేదు. మన బర్రె ఈనింది. పెయ్యదూడ.

నీ అక్క


నాగర్‌కర్నూలు,
1938 ఆగస్టు 6

అక్కకు దండాలు.

పెయ్యదూడ అన్నందుకు సంతోషం. ఇక్కడ సంతోషం లేదు.

నువ్వు ఎదుట అడగమన్నావు. పెంటమ్మ అడగలేదు, చూసింది. నేను కాదనలేదు. నిన్న సందె వేళ ఆమె కొట్టంలోకి మేత వేయడానికి పోయింది. హన్మంతు గాదె చాటున కూర్చుని తింటున్నాడు. సాయమ్మ వాకిట్లో నిలబడి కాపు కాస్తోంది. గిన్నెలో మేక కార్జం ముక్కలు, మునగాకు. మూకుట్లో వేపింది. ఇంకా వేడిగా ఉంది. శ్రావణమాసంలో, మన మొక్కు ఉండగా, మన ఎడ్ల కొట్టంలో మాంసం. ఎక్కడ వండావంటే చెప్పలేదు గానీ, గిన్నె మౌలాబీది.

పెంటమ్మ నన్ను పిలిచింది. జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు వ్రాస్తున్నాను.

"ఏందిది?" అంది పెంటమ్మ.

"నన్నేం అడగకు అత్తమ్మ."

"ఎవరు నేర్పిండ్రు నీకు? ఆ మౌలాబీనా?"

"ఆమెను అనకుండ్రి. నన్ను అనుండ్రి."

కొడుకును అడిగాను. వాడు తల వంచుకుని చెయ్యి కడుక్కున్నాడు. గట్టిగా అడిగితే, "నాయనా, ఈ ఒక్కటి అడగకు," అన్నాడు. నా ముందు ఏనాడూ తల వంచని పిలగాడు. నోరు కట్టేసినట్టుంది అక్కా. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

పొద్దున్నే గోడ సందులో తుమ్మకంప వేసి మూసేశాను. మౌలాబీ అవతల నిలబడి, "ఏమైంది అన్నా, నేనేం తప్పు చేసిన?" అంది. నేను లోపలికి వచ్చాను. ముప్ఫయి ఏళ్ళ పొరుగు. నాకు మంచిగా అనిపించలేదు. అయినా ఏం చేయను?

మొక్కు తప్పినందుకు ఏం చేయాలో నువ్వే చెప్పాలి.

తిరుపతయ్య


గద్వాల,
శ్రావణ బహుళ పాడ్యమి

తమ్ముడికి దీవెనలు.

మొక్కు సంగతి నాకు వదిలిపెట్టు. శనివారాలు ఉపవాసం ఉంటున్నాను. స్వామికి కోపం వస్తే ముందు నా మీద రావాలని అడిగాను.

కంప తీసేయి. హన్మంతు పుట్టిన రోజు పెంటమ్మ దగ్గర రాత్రంతా కూర్చున్నది మౌలాబీ. నేను రైలు దిగి వచ్చేసరికి ఆమె చేతిలోనే ఉన్నాడు పిల్లవాడు.

అయితే ఒక సంగతి నాకూ అర్థం కాలేదు. తప్పు లేకపోతే ఆ ఇద్దరూ ఎందుకు చెప్పరు? జపంలో కూర్చున్నా అదే అడ్డొస్తోంది. మందు అని నేను అనను. ఏదో ఉంది.

సాయమ్మను కొన్నాళ్ళు పంపు. నేను మెల్లగా అడుగుతాను. ఇంట్లో అందరి కళ్ళ ముందు నోరు విప్పలేని పిల్ల, దూరంగా ఉంటే విప్పుతుంది.

నీ అక్క


నాగర్‌కర్నూలు,
1938 ఆగస్టు 27

అక్కకు దండాలు.

నువ్వు చెప్పినట్టే సాయమ్మను పంపేశాం. వీపనగండ్ల నుంచి వియ్యంకుడు చిన్నయ్య బిడ్డను చూడ్డానికి వచ్చాడు. ఆయన బండిలోనే సాగనంపాం. ఏదో ఉంది అని నువ్వే వ్రాశాక పెంటమ్మకు ధైర్యం వచ్చింది. "వదిన గూడ గట్లనే అన్నంక నేనెవరికి భయపడాలె?" అంది. చిన్నయ్య ఎందుకని అడిగాడు. కొన్నాళ్ళు ఉండి రానీయమని చెప్పాను. ఆయన నా ముఖం చూసి ఇంకేం అడగలేదు.

సాయమ్మ ఏడవలేదు. బండి ఎక్కేముందు హన్మంతు వైపు చూసింది. వాడు ఎద్దు పగ్గం పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరుస్తాడేమో అనుకున్నాను. తెరవలేదు.

అసలు సంగతి ఇక్కడ మొదలైంది. ఆమె పోయిన కొద్దిరోజులకే వాడు పాడయ్యాడు. పగలు బాగానే ఉంటాడు. సందె పడితే చాలు, గడప తన్నుకుంటాడు, గోడలు తడుముతాడు. పాలచెంబు కాళ్ళతో తన్ని పారబోశాడు. మొన్న జడ్చర్ల నుంచి పల్లికాయ బండి తోలుకుని వస్తూ, చీకటి పడ్డాక, తెలిసిన దారిలోనే కాలువలో దించాడు. ఎడమ ఎద్దుకు కాలు బెణికింది. అడిగితే ఎద్దు బెదిరింది అన్నాడు. ఆ ఎద్దు ఏనాడూ బెదరలేదు.

అందరూ ఒకటే మాట. మందు అలవాటు చేసి ఆపితే కాళ్ళూ చేతులూ ఇట్లాగే పట్టు తప్పుతాయట. ఆమె పెట్టినన్నాళ్ళు బాగున్నాడు, పెట్టడం ఆగగానే పడిపోయాడు. దీనికి వేరే అర్థం ఉంటే చెప్పు.

మందు కక్కించే మనిషి ఒకడు ఇక్కడికి దగ్గర గూడెంలో ఉన్నాడట. పెంటమ్మ పిన్ని మనవరాలి మాట కూడా ఇంట్లో నడుస్తోంది. వాడికి మళ్ళీ పెళ్ళి చేయాలని. నేను ఇంకా ఏమీ అనలేదు. పరేషాన్‌గా ఉంది.

తిరుపతయ్య


వనపర్తి,
భాద్రపద శుద్ధ సప్తమి

తమ్ముడికి దీవెనలు.

పంపమంటే నా దగ్గరికి పంపమన్నాను. పుట్టింటికి కాదు. అది స్పష్టంగా వ్రాయకపోవడం నా పొరపాటు.

వినగానే బయలుదేరాను. వీపనగండ్లలో సాయమ్మను చూసి, తిరుగుదారిలో ఇక్కడ మీ బావ చుట్టాల ఇంట్లో కూర్చుని వ్రాస్తున్నాను.

చిన్నయ్య నన్ను బయట మంచం మీద కూర్చోబెట్టాడు. మర్యాదకు లోటు చేయలేదు, మాట మాత్రం కలపలేదు. చివరికి, "మా పిల్ల చేతి తిండి తిని ఎవరన్న సచ్చిండ్రా అమ్మా?" అని ఒక్క మాట అడిగాడు. నేను లేదన్నాను. "మరెందుకు పంపిండ్రు?" అన్నాడు.

సాయమ్మ నా కాళ్ళకు నీళ్ళిచ్చింది. చిక్కిపోయింది. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. స్వామి మీద ఆన పెట్టి అడిగాను. చివరికి ఇట్లా అంది:

"చెప్పొద్దని ఒట్టుంది పెద్దత్తమ్మా. ఎవరు ఏసిండ్రని అడగకుండ్రి. ఆయనకు కార్జం, మునగాకు ఏపి పెట్టుండ్రి. పొద్దు గూకినంక బండి తోలనియ్యకుండ్రి. గింతే నేను చెప్పేది."

మందు పెట్టిన పిల్ల, ఇంకొకరిని పెట్టమని అడగదు. నాకు సగం తెలిసినట్టుంది. మిగతా సగం కళ్ళతో చూస్తే గానీ చెప్పను. నేరుగా మీ దగ్గరికే రావాలనుకున్నాను. ఇంతలో మీ బావకు జ్వరమని కబురు వచ్చింది. గద్వాలకు పోతున్నాను. తగ్గగానే వస్తాను.

అందాకా హన్మంతును ఆ కక్కించే మనిషి దగ్గరికి తీసుకుపోవద్దు. తెగదెంపుల మాట తేవద్దు. ఇది అక్కగా చెబుతున్నాను.

లక్ష్మీదేవమ్మ


నాగర్‌కర్నూలు,
1938 సెప్టెంబరు 9

అక్కకు దండాలు. బావ జ్వరం తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆలస్యమైంది. అంతకు ముందు రోజే వాణ్ణి తీసుకుపోయాం.

ఆ మనిషి ఏదో ఆకు పసరు తాగించాడు. హన్మంతు పొద్దుటి నుంచి కక్కుతూనే ఉన్నాడు. చివరికి ఆ మనిషి కుండలో చెయ్యి పెట్టి, గోలీకాయంత నల్లటి ముద్ద తీసి చూపించాడు. ఇదే మందు, ఇది పేగుకు అంటుకుని ఉంది అన్నాడు. పెంటమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నా కళ్ళతో చూశాను అక్కా. దీని తర్వాత నువ్వు ఏం చెప్పినా నా చెవికి ఎక్కదు.

నీ ఉత్తరంలో సాయమ్మ మాటలు చదివాను. కార్జం, మునగాకు పెట్టమంటోంది. అంటే మందు కట్టు తెగకుండా మన చేతనే పెట్టించాలనే కదా. బండి తోలనివ్వద్దంటోంది. బండి కాలువలో దిగిన సంగతి వీపనగండ్లలో కూర్చున్న పిల్లకు ఎట్లా తెలిసింది? నువ్వు చెప్పి ఉండవు. నువ్వు చెప్పే మనిషివి కాదు.

వాడు లేచి కూర్చోవడానికి కూడా ఓపిక లేకుండా ఉన్నాడు. జొన్నగంజి పోస్తున్నాం. సందె పడితే కళ్ళు తెరిచి ఉంచుకుని కూడా చూడనట్టు కూర్చుంటాడు. మందు పూర్తిగా దిగడానికి నెల పడుతుందట.

వచ్చే బుధవారం తెల్లవారుజామున పెద్దమనుషులను వెంటబెట్టుకుని నేను వీపనగండ్లకు బయలుదేరుతున్నాను. శుక్రవారం పంచాయితీ. పుస్తె తెంపుకుని ఎవరి దారి వారిదే. చిన్నయ్యకు కబురు పోయింది. నన్ను ఆపవద్దు అక్కా. వాడు నాకు ఒక్కడే.

తిరుపతయ్య


నాగర్‌కర్నూలు,
భాద్రపద బహుళ పంచమి, బుధవారం

తమ్ముడు తిరుపతయ్యకు అక్క దీవెనలు.

ఈ ఉత్తరం ఖాజా మియా చేతికి ఇస్తున్నాను. రేపు తెల్లవారే మోటారు బస్సులో వనపర్తి వచ్చి, అక్కడి నుంచి బండిలోనో కాలినడకనో నిన్ను చేరతానన్నాడు. పంచాయితీకి ముందు నీకు అందాలి. పెద్దమనుషులను బయట కూర్చోబెట్టి, ఒంటరిగా చదువు.

మీ బావకు జ్వరం తగ్గింది. నీ ఉత్తరం చూసి వెంటనే రైలెక్కాను. ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నువ్వు పొద్దున్నే పోయావన్నారు.

హన్మంతు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను వాడి ముందు నిలబడ్డాను. పిలవలేదు. నాకు వాడి ముఖం తెలుస్తోంది, ముక్కు మీద చెమట కూడా తెలుస్తోంది. వాడి కళ్ళు నన్ను దాటి ఎటో చూస్తున్నాయి. అలికిడికి, "ఎవరది? అమ్మా?" అన్నాడు. నేను చెంబుతో నీళ్ళు చాపాను. వాడి చెయ్యి చెంబు పక్కనుంచి పోయి గాలిని పట్టుకుంది. పెంటమ్మ గడపలో దీపం పట్టుకుని నిలబడి ఇదంతా చూసింది.

వాడికి రేచీకటి. పగలు కనిపిస్తుంది. పొద్దు గూకితే కనిపించదు.

"ఎన్నాళ్ళ సంది?" అని అడిగాను.

"పోయిన ఎండకాలం సంది అత్తా."

"ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తె బండి ఎక్కనిస్తరా? గుడ్డోడు బండి తోలుతుండని సరుకెవరిస్తరు? చెప్తె నా మీద ఒట్టేనని సాయమ్మతోని తల మీద చెయ్యి పెట్టించుకున్న."

పెంటమ్మ దీపం కింద పెట్టింది. ఆమె అన్న మాట వ్రాయాలి: "నీ తల మీద ఒట్టని ఆ పిల్ల నోరు మూసుకుంటె, నేను మందని ఊరంత చెప్పుకొస్తినా?"

నేను వాణ్ణి ఊరికే వదలలేదు. భార్యను బండెక్కించిన రోజు ఒట్టు తీసేయాల్సింది వాడే. తీయడానికి వాడి నోటి మాట చాలు. వాడు బండిని చూసుకున్నాడు గానీ ఆమెను చూసుకోలేదు. ఆ మాట వాడికి చెప్పాను. ఒప్పుకున్నాడు.

మౌలాబీని పిలిపించాను. కంప అడ్డం ఉంది గనుక చుట్టు తిరిగి వీధి వాకిలి నుంచి వచ్చింది. లోపలికి రమ్మనేదాకా రాలేదు. ఆమె చెప్పింది ఇది. వాళ్ళమ్మ రేచీకటి వచ్చినవాళ్ళకు మేక కార్జం పెట్టేదట. సాయమ్మ మగడి పేరు చెప్పకుండా, ఎవరికో ఉందని అడిగిందట. మౌలాబీ అర్థమైనా అర్థం కానట్టు ఊరుకుంది. కార్జం రోజూ దొరకదు. దొరకని నాడు ఆకు ఎక్కువ వేసి, ఉన్న మాంసంతో వేపమని చెప్పిందట. ఉడికించిన కార్జం వాసనకు హన్మంతు తినలేకపోతే, సాయమ్మే ఎల్లిపాయ దంచి, సన్నగా కోసి, ఆకుతో కలిపి వేపడం పట్టుకుంది. అందులో రుచి వాడి చేత తినిపించడానికి. మనందరికీ పెట్టింది, వాడొక్కడే తింటున్నట్టు కనబడకుండా ఉండటానికి. శ్రావణం వచ్చాక మన ఇంట్లో వండలేక మౌలాబీ పొయ్యి మీద వండింది. కళ్ళు తేటపడుతున్న వేళకే మనం ఆపించాం.

"మరి మీరన్నా చెప్పలేదేంది?" అని పెంటమ్మ మౌలాబీని అడిగింది.

"చెప్పనీకె ఒస్తినే. కంప గొట్టిండ్రు గద," అంది ఆమె.

ఆ నల్ల ముద్ద ఆ మనిషి చేతిలోనుంచి వచ్చిందో, కుండలోనుంచి వచ్చిందో నేను చూడలేదు. హన్మంతు కడుపులోనుంచి మాత్రం కాదు. మందు తీసేస్తే బాగవుతాడని కదా ఆ మనిషి చెప్పింది. తీశాక కూడా వాడు చెంబు పట్టుకోలేకపోయాడు.

మొక్కు దగ్గర ఇంట్లో అందరూ ఆగారు. పెత్రమాస ఇంకా రాలేదు. పెంటమ్మ నా వైపు చూసింది. నేను దేవుని గూట్లో దీపం పెట్టి, కాసేపు కూర్చుని లేచాను. నాయన మొక్కింది ఇంట్లోవాళ్ళు బతకాలని. వాడి కళ్ళు పోవాలని కాదు. అయినా మొక్కు మొక్కే. వాడి వంతు నేను పట్టుకుంటాను. పెత్రమాసతో ఆపకుండా సంక్రాంతి దాకా ముట్టను. స్వామికి ఆ మాట చెప్పాను.

ఈ సాయంత్రం మేము కూర్చుని అనుకున్నవి ఇవి.

హన్మంతు రేపటి నుంచి కార్జం, ఆకు తింటాడు. మన పొయ్యి మీదే. పెంటమ్మ వండుతుంది. ఇందాకే మౌలాబీని పక్కన కూర్చోబెట్టుకుని ఎంత సేపు వేపాలో అడుగుతోంది. ఆకు ముందు వేస్తానంటే మౌలాబీ వద్దంటోంది.

కళ్ళు తేటపడేదాకా వాడు బండి తోలడు. సరుకు ఇచ్చేవాళ్ళకు కారణం వాడే చెబుతాడు. దాచడం లేదు.

పిన్ని మనవరాలి సంబంధం వద్దని పెంటమ్మ రేపు తానే పోయి చెబుతుంది.

సాయమ్మ దగ్గరికి పెంటమ్మ, హన్మంతు, నేను ఎల్లుండి పగటి పూట బయలుదేరి వస్తాం. వాడు ఒట్టు తన నోటితో తీస్తాడు, చిన్నయ్య వింటుండగా. పెంటమ్మ తాను అన్న మాటలు ఎవరెవరి దగ్గర అన్నదో, వాళ్ళందరి దగ్గరికీ పోయి వెనక్కి తీసుకుంటుంది. అది ఆమె తనంతట తానే అంది. ఊరు పెద్దది, చాలా ఇళ్ళు తిరగాలి అన్నాను. తిరుగుతానంది.

నువ్వు చేయాల్సింది ఒకటే. పుస్తె మాట ఎత్తవద్దు. ఎత్తి ఉంటే వెనక్కి తీసుకో, పెద్దమనుషుల ముందే.

సాయమ్మను తీసుకువస్తామని మేము అనుకున్నాం. ఆమె వస్తానంటుందో లేదో ఎవరికీ తెలియదు. రమ్మని అడుగుదాం. రానంటే బలవంతం చేయవద్దని, మళ్ళీ మళ్ళీ వచ్చి అడుగుదామని కూడా అనుకున్నాం. ఆ మాట చెప్పింది హన్మంతు.

లక్ష్మీదేవమ్మ